ఎవరి నోట విన్న పాట

పేపర్లో పాచిక బొమ్మ మీద ఐదు చుక్కలున్నాయి. హాల్‌వార్ ఆ పేజీని తెచ్చి గున్‌వోర్ పనిబల్ల మీద, సరిగ్గా వెండి రజను రాలి ఉన్న చోట పరిచాడు.

"దాని మీద కాదు," అంది గున్‌వోర్, పట్టకారులోని తీగ వదలకుండానే. "తియ్యి. రజనంతా కాగితానికి అంటుకుపోతుంది."

"ఐదు గున్‌వోర్, నీ కూతురి పాటలకి ఆరుకి ఐదు! ఆరు వేశారంటే ఇక దేవుడే దిగొచ్చి పాడాలి. ఓస్లో పేపరు వాళ్ళు మన లోయలో పుట్టినదానికి దేనికైనా ఇన్ని చుక్కలు వేశారా ఇంతకు ముందు? పోయినేడు సంతలో నా పొట్టేలికి కూడా రాలేదు అన్ని మార్కులు."

అతను వచ్చింది చేతుల్లేని కోటుకు వెండి బొత్తాల కోసం. మే పదిహేడు జాతీయ దినోత్సవానికి ఇంక మూడు వారాలుంది. ఆ రోజు లోయలో ప్రతి ఒక్కరూ తాతలనాటి దుస్తులు పెట్టెల్లోంచి తీసి వేసుకుంటారు. ఒకరికి బొత్తం ఊడుతుంది, ఒకరికి పతకం వంగుతుంది, ఒకరికి పొట్ట పెరుగుతుంది. ఏప్రిల్ నెలాఖరులో గున్‌వోర్ తల ఎత్తకుండా పని చేస్తుంది.

హాల్‌వార్ కళ్ళజోడు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. "'యోరున్ తొలి ఆల్బమ్ వింటుంటే, చలి పట్టిన గదిలో ఎవరో మన పక్కనే కూచుని, ఎవరికీ చెప్పొద్దంటూ చెవిలో చెబుతున్నట్టుంటుంది.'"

"చలి పట్టిన గది అని ఎందుకు రాశాడు?"

"పొగడ్తే అది."

"పొగడ్తేంటి? మా ఇంట్లో కట్టెలు లేవనుకుంటారు చదివినవాళ్ళు."

వెంట్రుకంత సన్నటి తీగలు రెండింటిని పేని, చదును చేసి పెట్టుకుంది గున్‌వోర్. అందులోంచి చిన్న ముక్క తుంచి, పట్టకారు మొనతో చుట్ట చుడుతోంది. ఒకటి పూర్తి కాగానే పతకం చట్రంలో దాని చోట్లో ఇరికిస్తోంది. అలాంటివి నలభై రెండు పట్టాలి.

"ఇది విను. 'తొమ్మిది పాటల్లో నాలుగు పాతవి. కానీ మనల్ని పట్టి ఆపేది ఏడో పాట. ఈ ఏడాది విన్న వరసలన్నిట్లోకీ ఇదే సొంతమైనది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయికి ఇలాంటిది ఎక్కణ్ణుంచి వచ్చింది?'"

గున్‌వోర్ చెయ్యి ఆగింది. ఎక్కణ్ణుంచి వచ్చింది అనడంలో పొగడ్త ఉందని ఆమెకు తోచలేదు. ముద్ర లేని వెండి తెచ్చి బల్ల మీద పెట్టినవాళ్ళని ఆమె కూడా అలాగే అడుగుతుంది.

హాల్‌వార్ పేపరు మడిచాడు. గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. మూడో పాటలో ఒకడున్నాడే, ఎవరింటికెళ్ళినా బూట్లు విప్పకుండా లోపలికొచ్చే ముసలాడు. అది నేను కాదు కదా?"

"నాకేం తెలుసు? దాన్నడుగు."

"మా కోడలు నేనే అంటోంది. నేను విప్పుతాను కదా బూట్లు?"

గున్‌వోర్ అతని కాళ్ళ వైపు చూసింది. కరిగిన మంచు నీళ్ళు బూట్ల చుట్టూ చిన్న మడుగు కట్టాయి. హాల్‌వార్ కూడా చూసుకున్నాడు.

"ఇది దుకాణం," అన్నాడు. "దుకాణానికి లెక్క లేదు."

అతను వెళ్ళాక అరగంటకి రాగ్నా వచ్చింది. గున్‌వోర్‌కి ఏడేళ్ళు పెద్ద. బడిలో పంతులమ్మగా చేసి మానేసింది. లోయలో పాటల సంఘం ఆమె చేతిలోనే ఉంది. గుడ్డ కప్పిన పళ్ళెంలో వాఫిల్స్ తెచ్చింది. అక్క ఉత్తినే వాఫిల్స్ తేదు. గున్‌వోర్ మంట ఆర్పి, చేతులు తుడుచుకుని, కాఫీ పెట్టింది.

రాగ్నా ఒక వాఫిల్ మడిచి చెల్లెలి చేతిలో పెట్టి, సంచీలోంచి ఆల్బమ్‌తో వచ్చిన చిన్న పుస్తకం తీసింది. ఏడో పాట దగ్గర వేలు ఆనించింది.

"చదువు."

"చదివానక్కా."

"మళ్ళీ చదువు. నాలుగు పాటల కింద 'అన్‌లౌగ్ నోట విన్నది' అని అమ్మ పేరు రాసింది. సంతోషం. ఇంకో నాలుగింటి కింద 'మాటలు, వరస: యోరున్' అని రాసుకుంది. అదీ బాగానే ఉంది. ఏడో దాని కింద 'మాటలు: యోరున్' అని మాత్రమే ఉంది. వరస ఎవరిది? ఖాళీ."

"అచ్చులో పోయిందేమో."

"అచ్చులో పోలేదు. దొంగ చెయ్యి అక్కడికొచ్చేసరికి వణికింది." రాగ్నా పుస్తకం మూసింది. "అది అమ్మ వరస. పదకొండేళ్ళుగా సంఘంలో పిల్లలకి నేర్పుతున్నాను. ప్రతిసారీ 'అన్‌లౌగ్ నోట విన్నది' అని వాళ్ళ చేత చెప్పించి మరీ పాడిస్తున్నాను. ఇప్పుడు ఓస్లోలో ఒకడు ఇది యోరున్ సొంతమని రాస్తే, నీ కూతురు నోరు మూసుక్కూచుంది."

లోయలో పాడే ముందు ఎవరి నోట విన్నారో చెబుతారు. పైఇంటి బిర్గిత్ నోట విన్నది, మిల్లు తోర్‌గ్రిమ్ నోట విన్నది అని చెప్పి గాని పెదవి విప్పరు. చెప్పనివాళ్ళని ఎవరూ తిట్టరు. మళ్ళీ పాడమని అడగరు, అంతే. గున్‌వోర్ చిన్నప్పుడు అలా ఒకతను ఉండేవాడు. బతికినన్నాళ్ళూ ప్రతి కూడికకూ వచ్చేవాడు. అందరితో పాటు అతనికీ కాఫీ పోసేవారు. అతని వంతు వచ్చేసరికి పక్కవాణ్ణి అడిగేవారు.

"నువ్వూ విన్నావు కదా?" అంది రాగ్నా. "అమ్మ మంచాన ఉన్న ఏడాది. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే లోపల్నుంచి వినపడేది. నువ్వు అక్కడే కూచుని ఉండేదానివి."

ఆ వరస తనకు తెలిసినదేనని గున్‌వోర్‌కి మొదటిసారి విన్నప్పుడే అనిపించింది. కూతురు వంటింట్లో ఆల్బమ్ పెడితే బంగాళదుంపలు చెక్కుతూ వింది. ఏడో పాట దగ్గర కత్తి ఆగింది. ఎక్కడ విన్నానా అనుకుంది. అమ్మ దగ్గరే అయి ఉంటుంది, ఇంకెక్కడ?

"తెలిసిన వరసే," అంది.

"అదీ! శనివారం యువజన హాల్లో దాని కచేరీ ఉంది కదా. ఆ పాటకి ముందు అమ్మ పేరు చెప్పాలి. చెప్పకపోతే నేను లేచి చెబుతాను. నువ్వు నా పక్కన కూచుంటావు. అవునా కాదా అని ఎవరైనా అడిగితే అవునంటావు."

"అది నా కూతురక్కా."

"అమ్మ కూడా నీ అమ్మే." రాగ్నా లేచి కోటు వేసుకుంది. "పళ్ళెం తర్వాత తీసుకుంటాలే."

యోరున్ మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. శీతాకాలమంతా పనిగది పక్కనున్న సామాన్ల కొట్లో మైకు పెట్టుకుని పాడింది. ఇప్పుడూ ఎక్కువసేపు అక్కడే ఉంటోంది. ఉడికించిన చేప, దుంపలు వడ్డించుకుని, ఫోన్ పళ్ళేనికి ఆనించి పెట్టుకుంది. విన్నవాళ్ళు రాసేవి దాని మీద ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

"బెర్గెన్ నుంచి ఒకాయన, ఏడో పాట విని కారు పక్కకి ఆపుకుని ఏడ్చాడట," అంది.

"ఎందుకు?"

"నచ్చిందమ్మా."

"నచ్చితే ఏడవడమెందుకు? తాగాడేమో."

యోరున్ నవ్వింది. "జర్మనీ ఆవిడ ఒకామె పసిబిడ్డని దీంతో నిద్రపుచ్చుతోందట. ఇంకొకడు, వెనకాల ఏదో గరగరమంటోంది, మైకు పాడైతే బాగు చేయించుకోమంటున్నాడు."

"అది నా ఆకురాయి చప్పుడేమో."

"నీ ఆకురాయే. తీసెయ్యలేదు నేను."

"తీసెయ్యాల్సింది."

ఇంకో పేపరు మూడు చుక్కలే వేసింది. వంటింట్లో గొణిగిన పాటలు మనకిప్పటికే చాలా ఉన్నాయి, ఇక ఎవరైనా గొంతెత్తి పాడితే బాగుండునని రాసింది. యోరున్ అది చదివి వినిపించి పెదవి విరిచింది. గున్‌వోర్‌కి మాత్రం మూడు వేసినవాడి మాట నమ్మాలనిపించింది. ఐదు వేసినవాడు కూతుర్ని పెద్దది చేసి కిందికి తొయ్యడానికే ఎత్తుతున్నాడని ఆమె మనసులో ఒక మూల గట్టిగా ఉంది.

"ఏడో పాట ఎవరి నోట విన్నావు?" అంది చేప ముల్లు తీస్తూ.

యోరున్ ఫోర్కు ఆగింది. "పెద్దమ్మ వచ్చిందా?"

"అడిగినదానికి చెప్పు."

"ఈ ఇంట్లోనే విన్నాను."

"అమ్మమ్మ నోటా?"

కూతురు దుంపను ఫోర్కుతో నాలుగు ముక్కలు చేసింది, ఎనిమిది చేసింది, మెత్తగా మెదిపింది. అమ్మమ్మ పోయేనాటికి దానికి పదిహేనేళ్ళు. వినే ఉంటుంది. గుర్తూ ఉంటుంది.

"శనివారం అయ్యాక చెబుతాను," అంది చివరికి.

"దొంగవి కాకపోతే శనివారం దాకా ఎందుకు?"

అనేశాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. యోరున్ లేచి పళ్ళెం కడిగి, బోర్లించి, కొట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు గున్‌వోర్ విన్నది. ఆ తలుపుకి గొళ్ళెం ఎప్పుడు పెట్టించిందో ఆమెకు తెలీదు.

బుధవారమంతా ఇద్దరూ ఉప్పు అందించమని తప్ప మాట్లాడుకోలేదు. గురువారం గున్‌వోర్ పని మధ్యలో ఆపి, బస్సెక్కి లోయ దిగువనున్న గ్రంథాలయానికి వెళ్ళింది. డెబ్భై ఎనిమిదిలో పాటలు సేకరించే ఆయన ఒకడు వచ్చి అమ్మ చేత పాడించుకుని వెళ్ళాడు. ఆ టేపులు అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారీ అడగలేదు. రాగ్నా అయితే నెలనెలా వెళ్ళి వినేది.

అక్కడి అమ్మాయి చెవులకి పెట్టుకునేవి తెచ్చి ఇచ్చి, కిటికీ పక్కన కూచోబెట్టింది. "మీరూ పాడతారా?" అని అడిగింది మర్యాదకి.

"లేదు. మా అక్క పాడుతుంది."

అమ్మ గొంతు మొదలైంది. నలభై ఏళ్ళ వయసు గొంతు, పదునుగా, కొంచెం ముక్కుతో. ప్రతి పాటకి ముందు ఆయన అడుగుతున్నాడు: ఎవరి నోట విన్నావమ్మా? అమ్మ చెబుతోంది: మా మేనత్త నోట. కట్టెలు కొట్టే ఒలావ్ నోట. పెళ్ళిలో ఒకావిడ పాడింది, పేరు తెలీదు, ఎర్ర రవిక వేసుకుంది. పేరు తెలియనప్పుడు కూడా అమ్మ రవిక రంగు చెప్పింది. ఇరవై మూడు పాటలు. గున్‌వోర్ కోటు విప్పడం కూడా మరిచి అన్నీ విన్నది. ఏడో పాట వరస వాటిలో లేదు. దాని లాంటిది కూడా లేదు.

బస్టాపులో నిలబడి అక్కకి ఫోన్ చేసింది. "టేపులో లేదక్కా."

"లేదని నాకు తెలీదా? ముక్కూ మొహం తెలియని మగాడి ముందు కూచుని అన్నీ పాడేస్తుందా ఏం? ఇంటి పాటలు ఇంట్లోనే ఉంచుకుంది," అంది రాగ్నా. "నువ్వక్కడికెందుకెళ్ళావు? నా మాట నమ్మకా?"

"నమ్మకేం కాదు."

"కూతుర్ని తప్పించడానికి వెళ్ళావు."

బస్సు వచ్చింది. గున్‌వోర్ ఫోన్ జేబులో వేసుకుని ఎక్కింది. నిజమే, తప్పించడానికే వెళ్ళింది. టేపులో ఉండుంటే తేలిపోయేది. లేకపోవడంతో ఏదీ తేలలేదు. అమ్మ నోట వచ్చిందని ఋజువు లేదు, యోరున్ కట్టిందనీ లేదు. దారి పొడుగునా ఏరు బురదనీళ్ళతో పొంగి, బస్సు పక్కనే పరిగెత్తింది.

శుక్రవారం ఉదయం యోరున్ స్పీకర్లు పెట్టించడానికి హాలుకి వెళ్ళింది. గున్‌వోర్ పతకానికి చివరి అతుకు వెయ్యాలి. వెలిగారం నీళ్ళు కుంచెతో పూసింది, టంకం పొడి చల్లింది, మంట అందుకుంది. తీగ ఎర్రబడి, పొడి ఒక్కసారిగా నీళ్ళలా పారి, చుట్టలన్నీ చట్రాన్ని పట్టుకోవాలి. క్షణం ముందు తీస్తే అతకదు. క్షణం దాటితే సన్నతీగ కరిగి ముద్దవుతుంది. ముప్ఫై ఏళ్ళలో ఆమె చెయ్యి ఆ క్షణం తప్పింది వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఈ రోజు తప్పింది. ఒక మూల నాలుగు చుట్టలు కరిగి వెండి చుక్కైపోయాయి.

మంట ఆర్పి, ఆ చుక్కని చూస్తూ కాసేపు కూచుంది. తర్వాత లేచి కొట్టు తలుపు తీసింది. గొళ్ళెం లోపలి వైపే ఉంది, బయట తాళమేమీ లేదు.

ఏం వెతుకుతోందో ఆమెకు తెలుసు. అమ్మ గొంతున్న టేపు ఏదో ఈ పిల్ల దగ్గర ఉండాలి. అమ్మ మంచాన ఉన్న ఏడాది ఫోన్‌లో పట్టి ఉంటుంది. అట్టపెట్టెలు తీసింది, తీగల చుట్టలు కదిపింది, బల్ల సొరుగు లాగింది. పలక మీద సుద్దతో ఏవో అంకెలు, తేదీలు ఉన్నాయి. గోడకి, పనిగది వైపున్న దుంగల సందులో, గోరంత మైకు ఒకటి గుచ్చి ఉంది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

యోరున్ గుమ్మంలో నిలబడి ఉంది. టోపీ కూడా తియ్యలేదు.

గున్‌వోర్ సొరుగు మూయలేదు. "మీ అమ్మమ్మ టేపు."

"నా దగ్గర అమ్మమ్మ టేపు లేదు."

"అబద్ధం చెప్పకు. రేపు మీ పెద్దమ్మ నలుగురిలో లేచి నిలబడుతుంది. నన్ను సాక్షి అంటోంది. నేనేం చెప్పాలో నాకు తెలియాలా వద్దా?"

యోరున్ ఆమెను చూసింది. కోపంగా కాదు, కొంచెం భయంగా. తర్వాత వచ్చి కంప్యూటర్ ముందు కూచుని, ఏదో వెతికి, మీట నొక్కింది. "విను."

మొదట ఆకురాయి చప్పుడు. రెండు రుద్దులు, ఒక ఊపు, రెండు రుద్దులు. దాని మీద ఒక ఆడగొంతు, మాటలు లేకుండా, నోరు తెరవకుండానే అన్నట్టు. వరస మెల్లగా ఎక్కి, ఆగి, పక్కకి తిరిగి, దిగింది. వయసు మళ్ళిన గొంతు, అరిగినది. ఎవరూ వినడం లేదని తెలిసిన గొంతు.

గున్‌వోర్ చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. "అదుగో! అమ్మే! ఇంకా లేదంటావేం? ఎక్కడిది నీకు?"

"విను," అంది యోరున్ మళ్ళీ.

గొంతు మూడోసారి మొదటికి వచ్చింది. లోపలెక్కడో ఫోన్ మోగింది. వరస ఆగిపోయింది. ఆకురాయి బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత అదే గొంతు, గరగరలాడుతూ, "వెండి దుకాణమండీ, గున్‌వోర్‌ని మాట్లాడుతున్నా. లేదండీ, బుధవారానికి అవదు," అంది.

యోరున్ ఆపేసింది.

గున్‌వోర్ మైకు గుచ్చిన గోడ వైపు చూసింది. అటు పక్కే ఆమె బల్ల.

"నేను పాడను," అంది చివరికి.

"తెలుసు."

"పని చేసుకుంటున్నాను నేను."

"అవునమ్మా. నవంబరు నుంచి మార్చి దాకా రోజూ పని చేసుకున్నావు. నేనీ గోడకి చెవి పెట్టి కూచున్నాను. మొదట పాతపాటే అనుకున్నాను. ఉన్న పుస్తకాలన్నీ చూశాను, టేపులన్నీ విన్నాను. ఎక్కడా లేదు. అప్పుడు తెలిసింది."

"అడగచ్చుగా?"

"అడిగితే ఏమనేదానివి? నేనేం అనలేదు, నీకు చెవులు మోగుతున్నాయి అనేదానివి. మర్నాటి నుంచి నోరు కుట్టేసుకునేదానివి. నీ పేరు రాయాలని వందసార్లు అనుకున్నాను. రాస్తే నీ గొంతు ఆగిపోతుందని భయమేసింది. నా పేరు రాసుకోవడానికి చెయ్యి రాలేదు. ఖాళీగా వదిలేశాను." యోరున్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ పేపరాయన సొంతమని రాసినప్పుడు కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. బాగుంది, అలా అనిపించుకోవడం. అది మాత్రం దొంగతనమే."

గున్‌వోర్ బుర్రలో వంటింట్లో గిన్నెలు కడుగుతున్న రాగ్నా కనిపిస్తోంది. తలుపు అవతల మంచం, మంచం పక్క కుర్చీ, కుర్చీలో తను, ఒళ్ళో వెండి తీగ. ఆ ఏడాది పని అక్కడికే తెచ్చుకునేది. ఆఖరి నెలల్లో అమ్మకి గుక్కెడు నీళ్ళు మింగడానికే ఊపిరి చాలేది కాదు. పాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

"పదకొండేళ్ళు," అంది పైకి. "ఆ పిల్లలందరి చేతా అమ్మ పేరు చెప్పించింది."

"పెద్దమ్మా?"

"రేపు అమ్మదనే చెప్పెయ్. ఎవరికీ నష్టం లేదు."

"ఎవరి నోట విన్నామో వాళ్ళ పేరు చెప్పాలని నువ్వే కదా నాకు నేర్పింది?"

"నువ్వనుకున్నదే చేస్తావో, నేను చెప్పిందే చేస్తావో, నాకు తెలీదు." గున్‌వోర్ లేచింది. "నాకు పనుంది."

బల్ల దగ్గర కూచుని కరిగిన చుట్టలని తీసేసి, కొత్త తీగ పేనడం మొదలుపెట్టింది. గంట గడిచింది. గోడ అవతల కూతురు ఉంది. ఇవతల గున్‌వోర్ తన గొంతుకి తనే కాపలా ఉన్నట్టు కూచుంది. నాలుగు చుట్టలు పట్టడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

శనివారం సాయంత్రం నాలుగింటికి యువజన హాలు నిండింది. వెనక బల్ల మీద కాఫీ ఫ్లాస్కులు, గోధుమరంగు చీజ్ పెట్టిన రొట్టె ముక్కలు. ఓస్లో నుంచి ముగ్గురు నలుగురు కొత్తవాళ్ళు వచ్చారు, నల్లకోట్లలో. లోయవాళ్ళు వాళ్ళని ఓరగా చూస్తూ, వాళ్ళు ఏ పాటకి తల ఊపితే ఆ పాటలో తమ గురించి ఏముందోనని చెవులు రిక్కిస్తున్నారు. మూడో పాట అయిపోగానే ఎవరో "హాల్‌వార్, లేచి దండం పెట్టు!" అని అరిచారు. హాలంతా నవ్వింది. హాల్‌వార్ కూడా, కొంచెం ఆలస్యంగా.

రాగ్నా రెండో వరసలో చివరి కుర్చీ తీసుకుంది, లేవడానికి వీలుగా. గున్‌వోర్ ఆమె పక్కన కూచుంది. అక్కకి చెబుదామని పొద్దుట రెండుసార్లు ఫోన్ తీసింది, రెండుసార్లూ పెట్టేసింది. యోరున్ ఏం చెబుతుందో అడగలేదు. అడిగితే తను ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది.

ఆరో పాట అయింది. చప్పట్లు ఆగాయి. యోరున్ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"తర్వాతి పాట మాటలు నావి," అంది. ఆగింది. హాల్లో కుర్చీ కిర్రుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆమె కళ్ళు రెండో వరసకి వచ్చి తల్లి మొహం మీద నిలిచాయి. "వరస..."

ఆ పిల్ల తన కోసం ఆగిందని గున్‌వోర్‌కి అర్థమైంది. అమ్మదని చెప్పమంటే చెబుతుంది. తనదని చెప్పమన్నా చెబుతుంది. పక్కన రాగ్నా ముందు కుర్చీ వీపుని పట్టుకుంది. మోకాళ్ళ మీద బరువు వేసి లేవబోతోంది.

గున్‌వోర్ అక్క రవిక చెయ్యి పట్టుకుంది.

"కూచో అక్కా. అది నాది."

గుసగుసగానే అంది. కానీ ఆ నిశ్శబ్దంలో మూడు వరసల వరకూ వినపడింది. ముందు వరసలో తలలు వెనక్కి తిరిగాయి.

"ఏంటి నీది?" అంది రాగ్నా, సగం లేచి.

"ఆ వరస. ఆ గదిలో నేనే ఉన్నాను కదా. అమ్మకి మాట్లాడ్డానికే ఊపిరి లేదు, గుర్తులేదా?"

రాగ్నా ఆమెను చూసింది. బడిలో ఎవరు గోడ మీద రాశారో కనిపెట్టడానికి వరసలో పిల్లలని చూసినట్టు చూసింది. తర్వాత, మెల్లగా, కుర్చీలో కూచుంది. గున్‌వోర్ చెయ్యి ఇంకా ఆమె చేతి మీదే ఉంది.

"గున్‌వోర్ నోట విన్నది," అంది యోరున్. ఇంకేమీ చేర్చకుండా పాట ఎత్తుకుంది.

పాట సాగినంతసేపూ రాగ్నా ఎదురుగానే చూసింది. ఆమె పెదవులు మాత్రం ఊరుకోలేదు. పదకొండేళ్ళ అలవాటున వరసతో పాటే కదిలాయి. మూడో పాదం దగ్గర యోరున్ గొంతు కిందికి దిగితే, రాగ్నా గడ్డం పైకి లేచింది. లేచి, అక్కడే ఆగిపోయింది. రెండోసారి ఆ పాదం వచ్చినప్పుడు ఆమె పెదవులు కదపలేదు. వింది.

చప్పట్లు కొట్టారు. వెనక ఎవరో కాళ్ళు నేలకేసి తట్టారు. కొత్తవాళ్ళలో ఒకతను మెడ సాచి గున్‌వోర్ ఎవరా అని వెతుకుతున్నాడు. మిగతా రెండు పాటలూ అయ్యాయి. జనం కాఫీ వైపు కదిలారు. అక్కచెల్లెళ్ళిద్దరూ కూచునే ఉన్నారు.

"మూడో పాదంలో అలా కిందికి పోతుందా?" అంది రాగ్నా. ఇంకా ఎదురుగానే చూస్తోంది.

"పోతుంది."

"నేను పైకి నేర్పాను."

"ఎందుకు?"

"మంచాన పడ్డ మనిషి కదా, గొంతు జారిందనుకున్నాను. పిల్లలు తప్పు నేర్చుకుంటారని సరిచేశాను." ఆమె కోటు బొత్తం పెట్టుకుంది, మళ్ళీ తీసింది. "పదకొండేళ్ళ నుంచి అమ్మకి తప్పులు దిద్దుతున్నాననుకుంటున్నాను."

పోనీలే అక్కా అనబోయింది గున్‌వోర్. జీవితమంతా అక్కతో అన్న మాట అది, నాలుక మీదే ఉంది. నోట్లోంచి మాత్రం ఇంకోటి వచ్చింది.

"అది జారడం కాదు. అక్కడ అంతే."

రాగ్నా ఇప్పుడు ఆమె వైపు తిరిగింది. మొహంలో కోపం ఉంది, సిగ్గు ఉంది, ఆ రెంటినీ మించి, సంఘంలో కొత్తపాట తెచ్చినవాళ్ళని చూసే ఆ పరీక్ష చూపు ఉంది.

"అయితే ఏదీ, అను," అంది. "మొదట్నుంచి. దాని మాటలొద్దు, నీది ఎలా ఉందో అలాగే."

"ఇక్కడా?"

"ఇక్కడే. ఎవరి నోట విన్నానని చెప్పను రేపు నేను?"

గున్‌వోర్ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఎదురుగా ఒక మనిషి వినడానికి కూచుంటే, అది ఎక్కడ మొదలవుతుందో కూడా ఆమెకు గుర్తు రాలేదు. చుట్టూ కప్పులు చప్పుడవుతున్నాయి. ఆమె తల దించుకుంది. ఖాళీ చేతులు ఒళ్ళో కాసేపు వెతుక్కున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికొచ్చి, లేని తీగనొకదాన్ని పట్టుకుని, మెల్లగా పేనడం మొదలుపెట్టాయి. అప్పుడు వచ్చింది, ముక్కుతో, పెదవులు విడకుండానే.

రాగ్నా చెవి దగ్గరికి వంచి, ఇంకా పూర్తిగా నమ్మనిదానిలా, మూడో పాదం కోసం కాచుకుని కూచుంది.